శస్త్రచికిత్స రోజున ఆగకూడని మాత్ర
పార్కిన్సన్స్ రోగులు, వారి కుటుంబాలు ఆసుపత్రికి వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

శస్త్రచికిత్స ఖాయమైన ప్రతి రోగికీ ముందు రోజు రాత్రి ఒక సూచన అందుతుంది: అర్ధరాత్రి దాటిన తరువాత నోట ఏమీ వేసుకోరాదు. మత్తులో ఉన్నవేళ కడుపులోని పదార్థం పైకి తన్ని ఊపిరితిత్తులలోకి జారకుండా పెట్టిన నియమమిది. నియమంలో తప్పేమీ లేదు. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న ఇంట్లో మాత్రం ఈ మాటను చాలామంది ‘మాత్రలు కూడా వేసుకోరాదు’ అని అర్థం చేసుకుంటారు. వార్డు సిబ్బంది సైతం ఒక్కోసారి అలాగే అనుకుంటారు. దానితో ఉదయం 6 గంటల మాత్ర ఆగిపోతుంది. 10 గంటలది కూడా ఆగుతుంది. శస్త్రచికిత్స ఆలస్యమైతే మధ్యాహ్నం మోతాదు సైతం తప్పుతుంది. సాయంత్రం మత్తు వదిలేసరికి రోగి శరీరం కొయ్యబారి ఉంటుంది. మింగుడు పడదు, మాట పెగలదు. కోత, కుట్టు సక్రమంగానే జరిగినా రోగి కోలుకోవడం అక్కడే దెబ్బతింటుంది.

అండమాన్, నికోబార్ దీవులలోని తెలుగు కుటుంబాలకు ఈ విషయం మరింత ముఖ్యమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి దశాబ్దాల క్రితం వచ్చి స్థిరపడిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. పార్కిన్సన్స్ ప్రధానంగా అరవై దాటినవారి వ్యాధి. తుంటి ఎముక విరగడం, కంటిలో శుక్లం, ప్రొస్టేట్ సమస్య, హెర్నియా వంటివి కూడా ఆ వయసులోనే ఎక్కువ. కనుక ఒకే మనిషికి పార్కిన్సన్స్ మందులూ శస్త్రచికిత్స అవసరమూ కలిసి రావడం అరుదేమీ కాదు.

దీవులలో దీనికి తోడు సముద్ర ప్రయాణం ఉంది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీ అంతర దీవుల ఓడలకు కూడలి. హట్ బే, రంగత్, స్వరాజ్ ద్వీప్, నికోబార్ వైపు నుంచి వచ్చే రోగులలో చాలామంది ఇక్కడే దిగి, అట్లాంటా పాయింట్‌లో ఉన్న గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రికి చేరతారు. కొందరికి ఆ ప్రయాణం కొన్ని గంటలు, క్యాంప్‌బెల్ బే వంటి దూర ప్రాంతాల వారికి ఒకటి రెండు రోజులు. అంతకన్నా పెద్ద వైద్యం అవసరమైతే చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా వెళ్లాలి. సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలోని విశాఖకు ఓడలో వెళితే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. మందుల వేళలు తప్పడం అనేకసార్లు ఆసుపత్రి గడప తొక్కకముందే, ఓడలోనే మొదలవుతుంది.

గంటన్నర ఆయువు గల మందు

పార్కిన్సన్స్‌ను తెలుగునాట వణుకుడు వ్యాధి అనీ, కంపవాతమనీ అంటారు. మెదడు అడుగున ఉండే ఒక చిన్న నల్లని భాగంలోని కణాలు క్రమంగా నశించి, డోపమైన్ అనే రసాయనం తగ్గిపోవడం దీనికి మూలం. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ తన చిన్న పుస్తకంలో దీని లక్షణాలను వర్ణించాడు. వణుకు అందరికీ కనబడుతుంది. రోగిని ఎక్కువగా బాధించేవి మాత్రం కదలికలలో మందగింపు, కండరాల బిగుసు, అడుగు పడకపోవడం, మింగడంలో ఇబ్బంది.

ఆ లోటును పూడ్చే ప్రధాన ఔషధం లెవోడోపా. మెదడులోకి చేరి అక్కడ డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే వృథా కాకుండా దీనికి కార్బిడోపాను జతచేస్తారు. మన దేశంలో సిండోపా వంటి పేర్లతో దొరికేవి ఈ మిశ్రమ మాత్రలే. ఈ మందుకూ మన ప్రాంతానికీ పాత బంధం ఉంది. దూలగొండి గింజలలో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దానిని వేరుచేసి చూపారు. ఇది పార్కిన్సన్స్‌కు మందుగా స్థిరపడింది 1960ల చివరలో. దూలగొండి పొడిని ‘ఆకుమందే కదా’ అని వాడుతూ వైద్యుడికి చెప్పనివారు నేటికీ ఉన్నారు. అది ఆకుమందు పేరుతో వేసుకుంటున్న లెవోడోపాయే. మత్తు వైద్యుడికి చెప్పే మందుల జాబితాలో అది తప్పక ఉండాలి.

లెవోడోపా ఆయువు చాలా తక్కువ. రక్తంలో దాని పరిమాణం సగానికి పడిపోవడానికి సుమారు గంటన్నర చాలు. రక్తపోటు మాత్ర ఒక పూట ఆలస్యమైతే సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. వ్యాధి ముదిరిన పార్కిన్సన్స్ రోగికి మాత్రం అరగంట ఆలస్యమే తేడా చూపుతుంది. అందుకే కొందరు రోజుకు ఐదు, ఆరు సార్లు గడియారం చూసి మరీ వేసుకుంటారు. ఆసుపత్రి వార్డులలో మందులు పంచే పద్ధతి వేరు: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. రోగి గడియారానికీ వార్డు గడియారానికీ పొత్తు కుదరదు. ఈ సమస్య అన్ని దేశాలలోనూ ఉన్నదే. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ రోగుల సంఘం 2006లో మందు సకాలంలో అందించాలంటూ ప్రత్యేక ప్రచారం చేపట్టవలసి వచ్చింది. ఆసుపత్రిలో ఉన్న రోగికి నిర్ణీత సమయానికి 30 నిమిషాల లోపు లెవోడోపా అందాలని అక్కడి నైస్ సంస్థ 2018లో ప్రమాణం నిర్దేశించింది.

మందు ఒక్కసారిగా ఆగితే మొదట బిగుసు, మందగింపు పెరుగుతాయి. గొంతు కండరాలు సహకరించక లాలాజలం, ఆహారం శ్వాసనాళంలోకి జారి న్యుమోనియా రావచ్చు. కదలలేక మంచాన పడితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు, పుండ్లు పడే ముప్పు ఉంటాయి. అరుదుగా మరొక ప్రమాదం ముంచుకొస్తుంది. తీవ్రమైన జ్వరం, కొయ్యలా బిగిసిన ఒళ్లు, మతిస్థిమితం తప్పడం, చెమటలు, రక్తపోటు ఎగుడుదిగుడులు, కండరాలు క్షీణించి మూత్రపిండాలు దెబ్బతినడం దీని లక్షణాలు. పార్కిన్సనిజం హైపర్‌పైరెక్సియా అని పిలిచే ఈ స్థితి ప్రాణాంతకం. శస్త్రచికిత్స తరువాత జ్వరం వస్తే సహజంగా అందరూ గాయంలో చీము పట్టిందేమోనని వెతుకుతారు. పార్కిన్సన్స్ రోగి విషయంలో, చివరి లెవోడోపా మాత్ర ఎప్పుడు పడిందన్న ప్రశ్న కూడా ఆ వెంటనే వేయాలి.

ఉపవాసం ఆహారానికే

సాధారణంగా అనుసరించే మత్తు వైద్య ప్రమాణాల ప్రకారం తేలికపాటి భోజనానికీ శస్త్రచికిత్సకూ మధ్య 6 గంటలు, మంచినీటి వంటి తేట ద్రవాలకు 2 గంటల విరామం చాలు. ప్రతి రోజూ వేసుకునే అత్యవసర మాత్రను రెండు మూడు గుక్కల నీటితో మింగడానికి మత్తు వైద్యులు అనుమతిస్తారు. పార్కిన్సన్స్ మాత్ర ఆ కోవలోనిదే. శస్త్రచికిత్స జరిగే ఉదయం కూడా అలవాటైన వేళకు అది పడాలి. నీటితో మాత్రమే సుమా! పాలు, పాలు కలిపిన టీ ఈ లెక్కలో ఆహారమే. పాలలోని మాంసకృత్తులు లెవోడోపా శోషణకు అడ్డు కూడా.

ఈ అనుమతిని రోగి తనంతట తాను తీసుకోరాదు. ముందుగానే మత్తు వైద్యుడితో మాట్లాడి, ఏ మాత్ర ఏ వేళకు వేయాలో కేసు షీటుపై రాయించుకోవాలి. నోటి మాటగా చెప్పినది రాత్రి డ్యూటీ మారితే గాలిలో కలిసిపోతుంది. వీలైతే ఆ రోజు జాబితాలో పార్కిన్సన్స్ రోగి పేరు మొదట ఉండేలా కోరాలి. మొదటి రోగికి ఎదురుచూపు తక్కువ, వేళ తప్పే అవకాశమూ తక్కువ. నడుము కింది భాగంలో చేసే శస్త్రచికిత్సలకు వెన్నులో ఇచ్చే మత్తు సరిపోతే రోగి మెలకువగానే ఉంటాడు. వాంతులు తక్కువ, తిరిగి మాత్ర మింగడం త్వరగా సాధ్యమవుతుంది. అది అందరికీ కుదరదు. నిర్ణయం మత్తు వైద్యుడిదే.

పెద్ద ఉదర శస్త్రచికిత్సలలో సమస్య క్లిష్టమవుతుంది. లెవోడోపా గ్రహింపబడేది చిన్నపేగు పైభాగంలో. పేగు కదలిక నిలిచిపోతే మందు కడుపులోనే ఉండిపోతుంది. వాడుకలో ఉన్న లెవోడోపాకు సాధారణ సెలైన్‌లా నరంలోకి ఎక్కించే రూపం లేదు. రోగి మింగలేడు కానీ పేగు పనిచేస్తోంది అన్నప్పుడు ముక్కు గొట్టం ద్వారా ఇవ్వవచ్చు. సాధారణ మాత్రను నలిపి నీటిలో కలపవచ్చు. నెమ్మదిగా విడుదలయ్యే రకాన్ని, అంటే పేరు చివర ‘సీఆర్’ అని ఉండేదాన్ని మాత్రం నలపరాదు. దాని బదులు సాధారణ మాత్రను ఎంత మోతాదులో, ఎన్నిసార్లు ఇవ్వాలో నాడీవ్యాధి నిపుణుడు లెక్కగట్టాలి. పేగు అసలే పనిచేయకపోతే చర్మంపై అంటించే రొటిగొటీన్ పట్టీ, చర్మం కింద ఇచ్చే అపోమార్ఫిన్ వంటి మార్గాలున్నాయి. ఇవి ప్రతి ఊరిలోనూ దొరికేవి కావు. పట్టీ వల్ల వృద్ధులలో భ్రమలు కలిగే అవకాశం కూడా ఉంది. ముందే నిర్ణయమైన పెద్ద శస్త్రచికిత్స అయితే ఇవి అందుబాటులో ఉన్న ఆసుపత్రిని ఎంచుకోవడం మేలు.

ఓడ ఎక్కే ముందు వేసుకునే మాత్ర

వేళ తప్పడం కన్నా మోసకారి అయిన ప్రమాదం మరొకటి ఉంది. వాంతికీ తలతిప్పుకూ వాడే మందులలో కొన్ని మెదడులో డోపమైన్ పనినే అడ్డుకుంటాయి. ఒక చేత్తో లెవోడోపా ఇస్తూ మరో చేత్తో దానిని తుడిచేసినట్లే. శస్త్రచికిత్స తరువాత వికారానికి చాలా ఆసుపత్రులలో వెంటనే చేతికందే సూదిమందు మెటోక్లోప్రమైడ్, అంటే పెరినార్మ్. స్టెమెటిల్ పేరుతో దొరికే ప్రోక్లోర్‌పెరజీన్, ఫెనర్గాన్ పేరుతో దొరికే ప్రోమెథజీన్ కూడా ఈ కోవకే చెందుతాయి. పార్కిన్సన్స్ రోగికి ఇవి తగవు. ఆండాన్‌సెట్రాన్ వంటివి సాధారణంగా సురక్షితమైనవి. అయితే అపోమార్ఫిన్ వాడుతున్నవారికి ఆండాన్‌సెట్రాన్ ఇస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. డాంపెరిడోన్ మెదడులోకి పెద్దగా చేరదు కనుక ఉపయోగపడుతుంది. గుండె లయలో దోషమున్నవారికి మాత్రం ఈసీజీ చూసి ఇవ్వాలి.

దీవులలో ఈ మందులు ఆసుపత్రి కంటే ముందే ఎదురవుతాయి. అలలకు కడుపు తిప్పకుండా ఓడ ఎక్కే ముందు ఒక మాత్ర వేసుకోవడం దీవులవాసులకు అలవాటు. అందుకు వాడే అవోమిన్‌లో ఉన్నది ప్రోమెథజీన్. స్టుజెరాన్‌లో ఉన్నది సిన్నరిజీన్. ఆరోగ్యవంతులైన వృద్ధులలోనూ దీర్ఘకాలం వాడితే పార్కిన్సన్స్ వంటి లక్షణాలు తెచ్చిపెట్టే గుణం సిన్నరిజీన్‌కు ఉంది. హట్ బే నుంచి బయలుదేరే పార్కిన్సన్స్ రోగికి ఇంటివారు ప్రేమతోనే ఇలాంటి మాత్ర ఇస్తారు. వాంతులైతే ఉదయం వేసుకున్న లెవోడోపా బయటికి పోతుంది, లేదా ‘కడుపు బాగాలేదు కదా’ అని తరువాతి మోతాదు మానిపిస్తారు. ఫీనిక్స్ బేలో దిగేసరికి ఆయన అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో ఉంటే దానికి కారణం అలసట ఒక్కటే కాకపోవచ్చు. ప్రయాణ వికారానికి ఏ మందు వాడాలో బయలుదేరక ముందే వైద్యుడిని అడగాలి. దూర దీవులవారికి ప్రభుత్వ ఈ-సంజీవని దూరవైద్య సేవ ఇటువంటి ప్రశ్నలకు ఉపయోగపడుతుంది.

ఎసిడిటీకి వాడే కొన్ని క్యాప్సూళ్లను కూడా గమనించాలి. ఆమ్లం తగ్గించే మందుతో లెవోసల్‌పిరైడ్‌ను కలిపిన రకాలు మన దేశంలో విరివిగా రాస్తారు. అది కూడా డోపమైన్‌ను అడ్డుకునేదే. వార్డులో ‘గ్యాస్ మాత్రే’ అని ఇచ్చేదాన్ని కూడా పేరు చదివి తీసుకోవడం చాదస్తం కాదు.

సెలెజిలీన్, రసజిలీన్, సఫినమైడ్ అనే మందులు వాడేవారికి నొప్పి మందుల విషయంలో వేరే జాగ్రత్త అవసరం. పెథిడిన్, ట్రమడాల్ వీటితో కలిస్తే సెరొటోనిన్ అధికమై జ్వరం, ఉద్రేకం, కండరాల కుదుపులతో ప్రమాద స్థితి ఏర్పడవచ్చు. కొందరు వైద్యులు ముందే నిర్ణయమైన శస్త్రచికిత్సకు ఒకటి రెండు వారాల ముందు ఈ మాత్రలను ఆపిస్తారు. మరికొందరు కొనసాగిస్తూ ఆ నొప్పి మందులనే దూరంగా ఉంచుతారు. రెండు పద్ధతులూ ఆచరణలో ఉన్నాయి. మత్తు వైద్యుడికి ఆ మాత్ర సంగతి తెలియకపోవడమే అసలు ప్రమాదం. వణుకుకు పాసిటేన్, కదలికలకు అమాంటడిన్ వాడుతుంటే వాటి పేర్లూ చెప్పాలి. ఇవి హఠాత్తుగా మానేసేవి కావు. అయితే పాసిటేన్ వృద్ధులలో మతిమరుపును, మూత్రం బిగుసుకోవడాన్ని పెంచుతుంది కనుక మార్పులు వైద్యుడే నిర్ణయిస్తాడు.

తుంటి ఎముక విరిగినప్పుడు

ఇంతవరకూ చెప్పినది చాలావరకు ముందే తేదీ ఖాయమైన శస్త్రచికిత్సల గురించి. పార్కిన్సన్స్ రోగులను ఆసుపత్రికి చేర్చే కారణాలలో పడిపోవడం ముఖ్యమైనది. తుంటి ఎముక విరిగినప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అంబులెన్సు, ఎక్స్‌రే, మరో ఆసుపత్రికి పంపడం, పడక కోసం ఎదురుచూపు... ఈ హడావిడిలో ఎవరికీ మాత్ర గుర్తుండదు. ఆపరేషన్ ‘ఈ రోజు కావచ్చు’ అని ఉపవాసం ఉంచి సాయంత్రం ‘రేపు’ అంటే, రోగి వరుసగా రెండు రోజులు మందు లేకుండా గడపవలసి వస్తుంది. నొప్పి వల్ల కదలడం లేదా, మందు లేక కదలడం లేదా అన్నది బయటి నుంచి తెలియదు.

అటువంటి వేళకు సిద్ధంగా ఉండవలసినది ఒక కాగితం. అందులో ప్రతి మందు పూర్తి పేరు, బలం, సాధారణమా సీఆర్ రకమా అన్నది, గడియారం ప్రకారం వేళలు, చికిత్స చేస్తున్న నిపుణుడి ఫోన్ నంబరు, ఇవ్వకూడని మందుల పేర్లు ఉండాలి. ‘రోజుకు ఐదు సార్లు’ అని రాస్తే చాలదు; 6, 10, 2, 6, 10 గంటలు అని రాయాలి. 110, 125 అనే అంకెలు కూడా ముఖ్యమే. లెవోడోపా రెండింటిలోనూ 100 మిల్లీగ్రాములే అయినా కార్బిడోపా మోతాదు మారుతుంది. దుకాణంలో ఒకటి లేక మరొకటి ఇస్తే కొందరికి వికారం ఎక్కువవుతుంది. కాగితంతో పాటు మాత్రల అట్టలనూ తీసుకెళ్లాలి. వాడే రకం ఆసుపత్రి ఔషధ నిల్వలో ఉండకపోవచ్చు. రోగి సొంత మందులను సిబ్బందికి తెలిపి వాడుకునే ఏర్పాటు అడగడంలో సంకోచం అక్కరలేదు.

మత్తు వదిలిన తరువాత

రోగి స్పృహలోకి వచ్చి మింగగలిగిన వెంటనే మాత్ర మొదలుపెట్టాలి. మింగుడు సరిగా ఉందో లేదో ముందు పరీక్షించాలి, కూర్చోబెట్టి ఇవ్వాలి. తప్పిపోయిన మోతాదులన్నీ కలిపి ఒకేసారి ఇవ్వడం పొరపాటు. భ్రమలు, రక్తపోటు పడిపోవడం, అదుపులేని కదలికలు రావచ్చు.

రెండో, మూడో రోజు రాత్రి కొందరు వృద్ధులు ఎక్కడున్నదీ తెలియక కేకలు వేస్తారు, సెలైన్ గొట్టాలు పీకేస్తారు. వారిని శాంతపరచడానికి వార్డులో తరచూ వాడేది హాలోపెరిడాల్. సెరినేస్ దాని ప్రసిద్ధ నామం. పార్కిన్సన్స్ రోగికి ఇది తీవ్ర హాని చేస్తుంది. మొదట మూత్రం ఆగిందా, మలబద్ధకముందా, నొప్పి ఉందా, జ్వరముందా అని చూడాలి. మందు తప్పనిసరైతే తక్కువ మోతాదులో క్వెటియాపిన్ వంటివాటిని వైద్యులు ఎంచుకుంటారు. పక్కన తెలిసిన ముఖం, తెలిసిన భాష ఉండడం కూడా చికిత్సలో భాగమే. హిందీ, బెంగాలీ, తమిళం వినిపించే వార్డులో తెలుగు మాత్రమే వచ్చిన వృద్ధురాలికి రాత్రిపూట ఇంటి మనిషి తోడుండడం ఎంతో ఊరట.

ఇంటికి వచ్చాక ఎముక అతకాలని గుడ్లు, పాలు, ప్రొటీన్ పొడి పెడతారు. ఇవి కావలసినవే. లెవోడోపాకు కనీసం అరగంట తరువాత ఇవ్వాలి; తిన్న తరువాతైతే మాత్రకు గంట విరామం ఉండాలి. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రకు కూడా లెవోడోపాతో పడదు. రెండూ కడుపులో కలిస్తే లెవోడోపా సరిగా ఒంటపట్టదు. కనీసం రెండు గంటల ఎడం ఉంచడం మంచిది. మంచం మీది నుంచి లేచేటప్పుడు కాసేపు కూర్చోబెట్టి తరువాతే నిలబెట్టాలి. ఈ రోగులలో నిలుచోగానే రక్తపోటు పడిపోవడం సాధారణం, మళ్లీ పడితే మళ్లీ ఎముకే విరుగుతుంది.

మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చుకున్నవారు కొద్దిమందే అయినా వారి విషయం వేరు. హైదరాబాదులోని నిమ్స్ వంటి సంస్థలలో చేసే ఈ చికిత్సలో ఛాతీ చర్మం కింద ఒక చిన్న విద్యుత్ పరికరం ఉంటుంది. రక్తస్రావం ఆపడానికి వాడే విద్యుత్ కాటరీ దానికి అంతరాయం కలిగిస్తుంది. అందువల్ల పరికరాన్ని ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో ముందే నిర్ణయించుకుంటారు. వీలైనచోట బైపోలార్ రకం కాటరీ వాడతారు. శస్త్రచికిత్స తరువాత మోకాలికో నడుముకో ఫిజియోథెరపీలో ఇచ్చే షార్ట్‌వేవ్ డయాథర్మీ వీరికి పూర్తిగా నిషిద్ధం. ఆ వేడి ఎలక్ట్రోడ్ల ద్వారా మెదడుకు చేరి ప్రాణాపాయం కలిగించగలదు.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో కొత్త మందులతో పాటు పార్కిన్సన్స్ మందుల వేళలు కూడా రాయించుకోవాలి. ఆసుపత్రిలో మార్చిన మోతాదు తాత్కాలికమా, కొనసాగించాలా అన్నది స్పష్టంగా అడగాలి. వర్షాకాలంలో వాతావరణం అనుకూలించక ఓడలు రద్దవుతుంటాయి. అందుకే ఇతర దీవులకు తిరిగి వెళ్లేవారు ప్రయాణపు రోజులకు మాత్రమే కాక, మరో రెండు వారాలకు సరిపడా మాత్రలు కొనుక్కుని బయలుదేరడం మంచిది. వాటిని హోల్డాల్ అడుగున కాకుండా చేతిసంచిలో, నీటిసీసా పక్కన ఉంచుకోవాలి.